వెతికితే కనిపించని లిస్టింగులు: ఏటికొప్పాక బొమ్మలకు దసరా కొలువుల లోపు ఏం సరిచేయాలి?

వరాహతీరం · అనకాపల్లి జిల్లా

అందరికీ నమస్కారం. మాది ఏటికొప్పాక పక్క ఊరు. మామగారు లేత్ మిషన్ మీద అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. రంగు పట్టించే పని నేనూ చేస్తాను. ఒక పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో నా పేరు మీద సెల్లర్ అకౌంట్ ఉంది. లిస్టింగులు, అంటే ఒక్కో వస్తువుకు అమ్మకపు పేజీ, పెట్టే పని ఒక ఏజెన్సీకి ఇచ్చాం. అన్నీ పెట్టేశామని చెప్పి డబ్బు తీసుకున్నారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

లక్కపిడతల సెట్, బొంగరాలు, పెళ్లికొడుకు పెళ్లికూతురు జంట, ఎడ్లబండి, దశావతారాలు ఇప్పటికి ఆన్‌లైన్‌లో ఉన్నాయి. సెల్లర్ పేజీలో అన్నిటి పక్కన యాక్టివ్ అనే ఉంది. కానీ సెర్చ్‌లో ఏటికొప్పాక అని కొడితే మావి రావు. కొన్నిటికి లింకు పంపితే పేజీ తెరుచుకుంటుంది. బొంగరాలకు అదీ లేదు. ఎడ్లబండి మా తమ్ముడికి బెంగళూరులో కనబడింది, హైదరాబాద్‌లో చెల్లికి కనబడలేదు. సపోర్ట్‌కు రాస్తే ప్రకటనలు ఇవ్వండి అంటున్నారు.

కొలువుల సీజన్ దాటిపోతే మళ్లీ సంక్రాంతి దాకా అమ్మకాలు పెద్దగా ఉండవు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

---

వైజాగ్_ట్రేడర్

ప్రకటన వేయండి మేడమ్. ఈ రోజుల్లో డబ్బు పెట్టకుండా ఏదీ కనబడదు.

---

బెజవాడ_సెల్లర్ · విజయవాడ

ఇప్పుడే ప్రకటనలు వద్దమ్మా. సెర్చ్ నుంచి తీసేసిన లిస్టింగుకు ప్రకటన నడవదు. అసలు మీరు చెప్పినవన్నీ ఒకే సమస్య కాదు. నేను డ్రెస్ మెటీరియల్ అమ్ముతాను. మీది ఏ సైటో చెప్పనక్కర్లేదు, నాకు తెలిసిన అమెజాన్ ఇండియా పద్ధతిలో చెబుతాను. మిగతా చోట్ల బటన్ల పేర్లు మారతాయి గానీ వరుస ఇదే.

ఒక్కో వస్తువుకు ఒక ఐడీ ఉంటుంది. అమెజాన్‌లో దాన్ని ఏసిన్ అంటారు, పది అక్షరాలు. లాగిన్ కాకుండా, ఇన్‌కాగ్నిటో విండోలో (పాత వెతుకులాటలు గుర్తుండని బ్రౌజర్ విండో) ఆ ఐడీ ఒక్కటే సెర్చ్‌లో కొట్టండి. వస్తువు రాకపోతే లిస్టింగును అణిచిపెట్టారని, లేదా ఆ పిన్‌కోడ్‌కు అమ్మకానికి లేదని అర్థం. వస్తే, ఐడీ పక్కన ఒక మాట చేర్చి కొట్టండి: ముందు ఏటికొప్పాక, తర్వాత కొలువు, తర్వాత చెక్క బొమ్మ. ఏ మాటతో రావడం లేదో ఆ మాటకు మీ వస్తువు ఇండెక్స్ కాలేదు, అంటే ఆ మాటకు చూపించే జాబితాలో సైట్ దాన్ని చేర్చుకోలేదు. అన్ని మాటలకూ వస్తూ, ఐడీ తీసేసి మాట ఒక్కటే కొట్టినప్పుడు పదో పేజీలో ఎక్కడో ఉంటే అది ర్యాంకు సమస్య.

ఈ మూడింటికీ మందులు వేరు. అణిచిన లిస్టింగుకు కీవర్డ్ మార్చినా లాభం లేదు. ఇండెక్స్ కాని దానికి ధర తగ్గించినా లాభం లేదు. చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు, ఏ జబ్బో చూడకుండా కనబడిన మందల్లా వేసేస్తారు.

అయిదు వస్తువులకూ ఈ పరీక్ష చేసి ఫలితం ఇక్కడ రాయండి. అప్పటిదాకా ఏదీ మార్చవద్దు. ఇన్వెంటరీ పేజీలో సెర్చ్ సప్రెస్డ్ (సెర్చ్‌లో రాకుండా అణిచినవి) అనే ఫిల్టర్ ఉంటుంది, అదీ తెరిచి చూడండి. యాక్టివ్ అని కనిపించే వస్తువులు కూడా కొన్నిసార్లు అందులో ఉంటాయి.

---

వరాహతీరం

చూశానండీ. బొంగరాలు, లక్కపిడతలు సప్రెస్డ్‌లో ఉన్నాయి. బొంగరాలకు సర్టిఫికెట్ లేదు అని, లక్కపిడతలకు మెయిన్ ఇమేజ్ నిబంధనలకు తగినట్టు లేదు అని రాసి ఉంది. దశావతారాలు, పెళ్లి జంట ఐడీతో వస్తున్నాయి, ఏటికొప్పాక మాట చేర్చితే రావడం లేదు. ఎడ్లబండి అన్నిటికీ వస్తోంది, కానీ హైదరాబాద్ పిన్‌కోడ్ పెట్టగానే మాయమవుతోంది.

---

బెజవాడ_సెల్లర్

ఎడ్లబండిది తేలిక. షిప్పింగ్ సెట్టింగుల్లో మీరు ఏ ప్రాంతాలకు పంపుతారో టెంప్లేట్ ఉంటుంది. ఏజెన్సీ వాళ్లు తెలంగాణ టిక్ పెట్టకుండా వదిలేసి ఉంటారు. పెద్ద వస్తువు కాబట్టి దానికి వేరే టెంప్లేట్ తగిలించి ఉండవచ్చు, అందుకే మిగతావాటికి ఈ తేడా లేదు. తెరిచి చూడండి.

---

పట్నం_అకౌంట్స్ · హైదరాబాద్

పిన్‌కోడ్ సమస్య ఉన్నవాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి. 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారులు కూడా ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని ఆన్‌లైన్‌లో అమ్మవచ్చు. అయితే సొంత రాష్ట్రంలోనే. ఆ పద్ధతిలో చేరినవాళ్ల సరుకు పక్క రాష్ట్రం పిన్‌కోడ్‌కు అమ్మడం కుదరదు, సైట్ సరిగానే దాచిపెడుతుంది. వరాహతీరం గారి బండి బెంగళూరులో కనబడింది కాబట్టి ఆవిడకు పూర్తి జీఎస్టీ ఉన్నట్టే. ఇదే సమస్యతో ఈ చర్చ చదివేవాళ్లు ముందు తమ రిజిస్ట్రేషన్ ఏ రకమో చూసుకోండి.

ఇక బొంగరాల సంగతి. ఇది సైట్ వాళ్లు సొంతంగా పెట్టిన నిబంధన కాదు. బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2020లో వచ్చింది, 2021 జనవరి 1 నుంచి అమలవుతోంది. పిల్లలు ఆడుకునే బొమ్మ మన దేశంలో అమ్మాలంటే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) లైసెన్సు, ఐఎస్ఐ మార్కు ఉండాలి. అందుకే టాయ్స్ కేటగిరీలో పెట్టిన వస్తువుకు సర్టిఫికెట్ అడుగుతారు.

కానీ చేతివృత్తులవారికి మినహాయింపు ఉంది. 2020లోనే సవరణ తెచ్చి, కేంద్ర జౌళి శాఖ హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలను ఉత్తర్వు నుంచి తప్పించారు. జీఐ (ఒక ప్రాంతపు సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) రిజిస్ట్రేషన్ ఉన్న వస్తువులకు దాని యజమాని, అధీకృత వాడుకందారు కూడా మినహాయింపులోకి వస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ వచ్చింది. మీ మామగారికి హస్తకళల శాఖ ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు ఉందా?

---

వరాహతీరం

ఆయనకు ఉందండీ. నాకు లేదు. అకౌంట్ నా పేరు మీద ఉంది.

---

పట్నం_అకౌంట్స్

అక్కడే చిక్కు. కళాకారులు తయారుచేసి అమ్మేవి అని ఉత్తర్వులో ఉంది. ఆయన చేసినవి మీరు అమ్మితే మిమ్మల్ని వ్యాపారిగా చూసే అవకాశం ఉంది. మీరు కూడా రంగు పని చేస్తున్నారు కాబట్టి మీ పేరున పెహచాన్ కార్డుకు దరఖాస్తు పెట్టండి. అది వచ్చేదాకా ఆట బొమ్మలను ఆయన పేరున అకౌంట్ తెరిచి అమ్మడం శుభ్రమైన దారి. జీఐ అధీకృత వాడుకందారుగా నమోదు కావడం ఇంకా మంచిది, కానీ దానికి టైమ్ పడుతుంది. ఈ దసరాకు దాని మీద ఆశ పెట్టుకోకండి.

---

వైజాగ్_ట్రేడర్

ఇంత అవసరమా? బొంగరాలను హోమ్ డెకర్‌లోకి మార్చేయండి, షోపీస్ అని రాయండి. సర్టిఫికెట్ అడగరు. పనిలో పనిగా సెర్చ్ టర్మ్స్‌లో, అంటే కొనేవాళ్లకు కనబడకుండా వెతికే మాటలు రాసే పెట్టెలో, చెన్నపట్న (కర్ణాటకలోని లక్క బొమ్మల ఊరు) అని కూడా కొట్టండి. లక్క బొమ్మలంటే దేశమంతా వెతికేది ఆ మాటే. మా వాళ్లు అలాగే చేస్తున్నారు.

---

కొలువు_చెన్నై · చెన్నై

నేను కొనేదాన్ని, అమ్మేదాన్ని కాదు. ఒక్క మాట చెప్పాలి. మూడేళ్ల పిల్లాడికి ఆడుకోవడానికి కొనే వస్తువును షోపీస్ అని రాసి అమ్మితే, రేపు వాడు నోట్లో పెట్టుకున్నప్పుడు జవాబుదారీ ఎవరిది? ఏటికొప్పాక బొమ్మను నేను వెతికి కొనేదే సహజ రంగులని. ఆ నమ్మకం పోతే ఆ ఊరికి మిగిలేదేముంది?

---

బెజవాడ_సెల్లర్

ఆవిడ అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. బొంగరం ఆట వస్తువే. దశావతారాలు, పెళ్లి జంట, ఎడ్లబండి అలంకరణకు పెట్టుకునేవి. వాటిని షోపీసుల్లో పెట్టడం సరైన కేటగిరీ, అది దొంగదారి కాదు. హెచ్‌ఎస్ఎన్ (పన్ను కోసం సరుకుకు ఇచ్చే కోడ్) కూడా అలాగే ఉంటుంది: ఆట బొమ్మలకు 9503, చెక్క అలంకరణ బొమ్మలకు 4420. వస్తువు ఏదో దాన్ని బట్టి కేటగిరీ ఉండాలి.

చెన్నపట్న మాట మాత్రం వద్దే వద్దు. అదీ జీఐ ఉన్న పేరే. 1999 నాటి జీఐ చట్టం ప్రకారం ఒక ఊరి సరుకును ఇంకో ఊరి పేరుతో చూపించడం ఉల్లంఘన. రేపు ఎవరైనా మీ ఏటికొప్పాక పేరును అలా వాడుకుంటే మీరు ఊరుకుంటారా?

పైగా వ్యాపారానికీ నష్టమే. చెన్నపట్న కోసం వచ్చినవాళ్లు క్లిక్ చేసి, అది కాదని తెలిసి వెనక్కి పోతారు. క్లిక్కులు ఉండి కొనుగోళ్లు లేకపోతే ఆ మాటకు మీ వస్తువు ఇంకా కిందికి జారుతుంది.

---

మోడరేటర్

నిబంధనలు తప్పించుకునే సలహాలు ఈ చర్చలో వద్దు. వైజాగ్_ట్రేడర్ గారు, దయచేసి గమనించండి.

---

ఫొటో_కాకినాడ · కాకినాడ

లక్కపిడతల మెయిన్ ఇమేజ్ గురించి నేను చెబుతాను. ఇప్పుడున్న ఫొటో ఎలా ఉంది? ముగ్గు మీదో, అరటాకు మీదో పెట్టి తీశారా?

---

వరాహతీరం

అవునండీ, అరటాకు మీద పెట్టి తీశారు. పైన ఏజెన్సీ వాళ్ల డిజైనర్ చేతితో చేసినవి అని అక్షరాలు కూడా వేశాడు.

---

ఫొటో_కాకినాడ

రెండూ కారణాలే. మొదటి ఫొటోకు వెనక పూర్తి తెలుపు ఉండాలి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగుల విలువలూ 255. ఫ్రేములో 85 శాతం వస్తువే కనిపించాలి. అక్షరాలు, లోగో, వాటర్‌మార్కు ఉండకూడదు. జూమ్ పనిచేయాలంటే పొడుగు వైపు కనీసం 1000 పిక్సెళ్లు. అరటాకు ఫొటో పారేయకండి, రెండో స్థానంలో పెట్టండి. అది చూస్తే కొనబుద్ధవుతుంది.

లక్క మెరుస్తుంది, ఫ్లాష్ వేస్తే ప్రతి పిడత మీదా తెల్లటి చుక్క పడుతుంది. ఉదయం తొమ్మిది, పది మధ్య కిటికీకి తెల్ల పంచె కట్టి, ఆ వెలుతురులో తీయండి. కింద నుంచి వెనక దాకా వంపుగా ఒకే తెల్ల చార్టు పెట్టండి, మడత గీత కనబడకూడదు. ఎదురుగా థర్మోకోల్ షీటు నిలబెడితే రెండో వైపు నీడ తగ్గుతుంది. పసుపు రంగు లక్క ఫోన్ కెమెరాలో నారింజలా పడుతుంది, వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి. రంగు తేడా వచ్చిందని వస్తువు తిరిగొస్తే అదీ ర్యాంకుకు దెబ్బే.

సెట్‌లో ఎన్ని పిడతలు ఇస్తారో అన్నీ ఫొటోలో ఉండాలి, ఇవ్వనివి ఉండకూడదు. చేతి పక్కన పెట్టి ఒక ఫొటో తీయండి. సైజు తెలియక పెద్దవనుకుని కొని వెనక్కి పంపేవాళ్లు చాలామంది.

---

బెజవాడ_సెల్లర్

ఇప్పుడు ఇండెక్స్ కాని రెండు. దశావతారాల టైటిల్, సెర్చ్ టర్మ్స్ పెట్టెలో ఏముందో ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి.

---

వరాహతీరం

టైటిల్‌లో మొదట ఏజెన్సీ పెట్టిన బ్రాండ్ పేరు ఉంది. తర్వాత అందమైన, అత్యుత్తమ, ప్రీమియం, గిఫ్ట్, హోమ్ డెకర్, గిఫ్ట్, వుడెన్, గిఫ్ట్ అని ఉంది. ఏటికొప్పాక మాటే లేదు. సెర్చ్ టర్మ్స్‌లో తెలుగు లిపిలో పెద్ద పేరా ఉంది, అందులో మాత్రం ఊరి పేరు ఉంది.

---

బెజవాడ_సెల్లర్

దొరికింది.

సెర్చ్ టర్మ్స్ పెట్టెకు పరిమితి అక్షరాల్లో కాదు, బైట్లలో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే కొలత) ఉంటుంది. అమెజాన్‌లో ఇండియాకు 200 బైట్ల లోపు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకూ, ప్రతి పొల్లుకూ మూడేసి బైట్లు. ఏటికొప్పాక అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 10 బైట్లు, తెలుగు లిపిలో రాస్తే 30. తెలుగు పేరా పెడితే మొదటి వాక్యం అయ్యేసరికే పరిమితి దాటిపోతుంది. దాటితే లోపలున్న మాటలన్నీ పక్కన పెట్టేస్తారు. ఊరి పేరుకు మీ వస్తువు రాకపోవడానికి ఇదే కారణమని నాకు గట్టిగా అనిపిస్తోంది.

అలాగని తెలుగు లిపి పూర్తిగా తీసేయకండి. అమెజాన్ 2020 సెప్టెంబర్ నుంచి తెలుగులోనూ నడుస్తోంది, మనవాళ్లు తెలుగులో వెతుకుతారు. ఒకటి రెండు మాటలు చాలు. లక్కపిడతలు అన్న మాట 30 బైట్లు, దానికి ఆ విలువ ఉంది. మిగతా చోటు ఇంగ్లీషు అక్షరాలకు ఇవ్వండి. కామాలు అక్కర్లేదు, ఖాళీ చాలు. టైటిల్‌లో ఉన్న మాట మళ్లీ రాయవద్దు. అత్యుత్తమ, చవక లాంటివి, ఇతర బ్రాండ్ల పేర్లు వద్దు.

టైటిల్: 2025 జనవరి నుంచి అమెజాన్‌లో చాలా కేటగిరీలకు 200 క్యారెక్టర్లు మించకూడదు, ఒకే మాట రెండుసార్లకు మించి రాకూడదు. గిఫ్ట్ మూడుసార్లు ఉంది కదా. నేనైతే టైటిల్‌ను ఊరి పేరుతో మొదలుపెట్టి, దశావతారాల సెట్ అని, చెక్క లక్క బొమ్మలని, ఎన్ని బొమ్మలో, ఎత్తు ఎంతో రాసి ఆపేస్తాను. ఫోన్‌లో మొదటి కొన్ని మాటలే కనబడతాయి.

---

కొలువు_చెన్నై

కొనేవాళ్లు ఏమని వెతుకుతారో నేను చెప్పనా? మా అపార్ట్‌మెంట్‌లో తమిళులు గొలు బొమ్మలు అని కొడతారు, కొందరు కొలు అని కె తో రాస్తారు. కన్నడం వాళ్లు గొంబె అంటారు. బొమ్మల కొలువు అని మనం తప్ప ఎవరూ రాయరు. లక్కపిడతలను ఇక్కడ చొప్పు సామాన్ అంటారు. చొప్పు సామాన్ అని వెతికితే నాకు ప్లాస్టిక్‌వి, స్టీలువి వస్తాయి, ఏటికొప్పాకవి ఎప్పుడూ రాలేదు. మరాఠీ స్నేహితురాలు వాటినే భాతుకలి అంటుంది. నవరాత్రి ముందు వీటి కోసం ఇక్కడ ఎంత వెతుకులాటో మీకు తెలియదు. బొమ్మలు కొనేవాళ్లు నెల ముందే చూడటం మొదలుపెడతారు.

---

బెజవాడ_సెల్లర్

ఈ పోస్టు బంగారం. వరాహతీరం గారు, గొలు, కొలు, గొంబె దశావతారాలకు. చొప్పు సామాన్, భాతుకలి లక్కపిడతలకు. ఇవి వస్తువును పిలిచే మామూలు పేర్లు, ఒక ఊరి పేరో బ్రాండో కావు. నిరభ్యంతరంగా వాడవచ్చు.

---

న్యూజెర్సీ_తెలుగు

అమెరికాలో ఎట్సీ (చేతిపనుల ఆన్‌లైన్ మార్కెట్) మీద అమ్మేవాళ్ల కోసం రెండు ముక్కలు. అక్కడ దాచిన సెర్చ్ పెట్టె ఉండదు, 13 ట్యాగులు ఉంటాయి, ఒక్కోటి 20 క్యారెక్టర్ల లోపు. పదమూడూ నింపాలి, మాటలను విడివిడిగా కాక జంటగా రాయాలి. ఇక్కడి తెలుగువాళ్లూ తమిళులూ కూడా గొలు అనే వెతుకుతారు.

---

పట్నం_అకౌంట్స్

ఖాళీ వదిలిన గళ్లు కూడా చూడండి. తయారీదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నికర పరిమాణం, ఏ దేశంలో తయారైంది అన్నవి ప్యాకేజీ సరుకుల తూనికలు కొలతల నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో చూపించాల్సినవి. ఇవి లేకపోయినా లిస్టింగు ఆగిపోవచ్చు. మెటీరియల్, రంగు, ఎత్తు నింపకపోతే ఫిల్టర్ పెట్టి వెతికేవాళ్లకు మీరు కనబడరు.

సపోర్ట్ వాళ్లు ప్రకటనలంటూ దాటేస్తే ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం మార్కెట్‌ప్లేస్ సంస్థ సరుకులకు, అమ్మకందారులకు ర్యాంకు ఏయే ముఖ్య అంశాలతో ఇస్తుందో సులువైన భాషలో అందరికీ కనిపించేలా పెట్టాలి. ఆ పేజీ వెతికి చదవండి. సపోర్ట్‌కు టికెట్ (ఫిర్యాదు) రాసేటప్పుడు కనబడడం లేదు అని రాయకుండా, ఈ ఐడీ, ఈ మాట, ఈ పిన్‌కోడ్, ఈ స్క్రీన్‌షాట్ అని రాస్తే జవాబు తేడాగా వస్తుంది.

---

వరాహతీరం

ఫలితం చెప్పడానికి వచ్చాను. తెలంగాణ టిక్ నిజంగానే లేదు, పెట్టాక ఎడ్లబండి హైదరాబాద్‌లో వస్తోంది. లక్కపిడతలకు కొత్త ఫొటో పెట్టాక సప్రెస్డ్ నుంచి బయటపడ్డాయి, అవి కూడా ఆట వస్తువులే కాబట్టి మామగారి కార్డు పంపి అడిగితే సైట్ వాళ్లు ఆయన పేరున అకౌంట్ తెరిచి అందులో పెట్టమన్నారు. ఆ పని నడుస్తోంది, అప్పటిదాకా వాటినీ బొంగరాలనూ నేనే ఆపి ఉంచాను. దశావతారాలు ఏటికొప్పాక మాటకూ గొలు మాటకూ వస్తున్నాయి! ఊరి పేరుకు మొదటి పేజీలోనే ఉన్నాయి. గొలు మాటకు మాత్రం చాలా వెనక. వైజాగ్_ట్రేడర్ గారు మెసేజ్‌లో చుట్టాలతో కొనిపించి రివ్యూలు రాయించమన్నారు. చేయాలని లేదు, వేరే దారి ఉందా?

---

బెజవాడ_సెల్లర్

చేయకండి. అలాంటి రివ్యూలు పట్టుబడితే అకౌంటే పోతుంది. ఆన్‌లైన్ రివ్యూలకు 2022లో ఐఎస్ 19000 అనే భారతీయ ప్రమాణం కూడా వచ్చింది.

ఇప్పుడు ప్రకటనకు వేళ అయింది. దశావతారాలకు ఒక్కదానికే, తక్కువ బడ్జెట్‌తో ఆటోమేటిక్ ప్రకటన (ఏ మాటలకు చూపించాలో సైటే ఎంచుకునేది) పెట్టండి. వారం తర్వాత సెర్చ్ టర్మ్ రిపోర్టు దింపుకుని, కొన్నవాళ్లు ఏ మాటతో వచ్చారో చూడండి. ఆ మాటలు టైటిల్‌లోకో, పాయింట్లలోకో తీసుకోండి. క్లిక్కులు తిని అమ్మకం తేని మాటలను నెగెటివ్‌లో పెట్టండి, వాటికి ప్రకటన రాదు.

రంగు రంగుకూ వేరే లిస్టింగు పెట్టి ఉంటే ఒకే పేజీ కింద వేరియేషన్లుగా కలపండి, అమ్మకాలూ రివ్యూలూ చీలిపోవు. వేర్వేరు వస్తువులను మాత్రం కలపకూడదు. ఒకసారికి ఒకటే మార్చి కొన్ని రోజులు ఆగండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

ముఖ్యమైనది స్టాకు. స్టాకు సున్నా అయితే వస్తువు సెర్చ్ నుంచి తప్పుకుంటుంది, మళ్లీ పెట్టినా పాత చోటు వెంటనే రాదు. మామగారు వారానికి ఎన్ని సెట్లు చేయగలరో అడిగి, ప్రకటన ఖర్చు అంతకు మించి ఆర్డర్లు తేకుండా చూసుకోండి. చేయలేనన్ని ఒప్పుకుని ఆలస్యంగా పంపితే ఆ లెక్కా ర్యాంకులోకి వస్తుంది. సెట్లు తగ్గుతున్నాయనిపిస్తే ముందు ప్రకటన ఆపండి, లిస్టింగు ఆపకండి.

---

వరాహతీరం

స్టాకు సంగతి మామగారితో ఇవాళే మాట్లాడతాను. దశావతారాలకు కర్ర ఆరడానికే టైమ్ పడుతుంది, అందుకని ఉన్న సెట్లు లెక్కపెట్టి అంతే చూపిస్తాను. చొప్పు సామాన్ టైటిల్ ఎలా రాయాలో కొలువు_చెన్నై గారు ఒకసారి చూసి పెడతారా? తమిళం వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారో మీకే తెలుస్తుంది.

---

కొలువు_చెన్నై

తప్పకుండా. డ్రాఫ్ట్ ఇక్కడే పెట్టండి. సెట్‌లో తిరగలి, రోలు ఉంటే వాటి పేర్లు కూడా రాయండి, మా అత్తగారు ముందు చూసేది అవే.